నల్లమల: యాత్ర, వేట, విహారము

ఒక అడవి చరిత్రను రెండు విధముల వ్రాయవచ్చును. ఆ యడవిని ఏలిన ప్రభువుల శాసనములను, చట్టములను కాలక్రమమున పేర్చి వ్రాయుట మొదటి విధము. ఆ యడవిలోనికి జనులు ఎందులకు వెళ్ళిరి, ఏ త్రోవను నడచిరి, అచ్చట ఎవరి సాయము పొందిరి అని విచారించుట రెండవ విధము. మొదటిదానికి ఆధారములు పుష్కలముగా నున్నవి. రెండవదానికి ఆధారములు చెదరియున్నవి. కాని అవి పెక్కు తెలుగు భాషలోనే, మన కావ్యములలోనే, మనము నిత్యము వాడు మాటలలోనే యున్నవి. కావున ఈ విచారణ తెలుగు పరిశోధకులకు పరాయిది కాదు.

ఈ వ్యాసమున నల్లమల అడవిని గూర్చి అట్టి విచారణ చేయదలచితిని. అడవికి పోవుటను తెల్పు మాటలు మన భాషలో కాలానుగుణముగా మారినవి: విహారము, యాత్ర, జాతర, పారువేట, షికారు, పర్యాటనము. ఇవి పర్యాయపదములుగా కనబడును గాని కావు. ప్రతి మాటయు అడవికి పోవువానికిని అడవిలో నుండువానికిని గల సంబంధమును ఒక్కొక రీతిగా నిర్ణయించుచున్నది. నల్లమలలో నుండువాడు చెంచు. అతడు ఒకప్పుడు త్రోవ చూపినవాడు, ఒకప్పుడు దేవునికి మామ, ఒకప్పుడు దొర వేటకు మృగమును తోలిన కూలి. నేడు అతని స్థానమేమి యను ప్రశ్న ఇంకను తేలలేదు. అది తేలనిదే నల్లమలను ప్రజల అడవి యనుట సార్థకము కాదని నా అభిప్రాయము.

నెల, నీరు, త్రోవ

నల్లమల తూర్పు కనుమలలోని యొక భాగము. కృష్ణ, పెన్న నదుల నడుమ ఇంచుమించు ఉత్తర దక్షిణములుగా సుమారు 150 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. కృష్ణకు ఉత్తరమున గల అమ్రాబాదు పీఠభూమి ఈ యడవికే కొనసాగింపు. పూర్వపు కర్నూలు, ప్రకాశము, కడప, గుంటూరు, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలు దీనిని పంచుకొన్నవి. శిఖరములు మిక్కిలి ఎత్తైనవి కావు. 900 మీటర్లను దాటునవి కొలదిగా మాత్రమే కలవు. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు విరివిగా పెరుగు ఆకురాల్చు అడవి యిది.

వేసవిలో ఈ యడవి ఆకు రాల్చి ఎండిపోవును. వాగులు ఇంకిపోయి, కొన్ని లోయలలోని ఊటలందు, పాత చెరువులందు మాత్రమే నీరు నిలుచును. మహాశివరాత్రి, ఉగాది యాత్రలు రెండును నీరు తగ్గు కాలముననే వచ్చును. ఈ సంగతి చిన్నదిగా తోచును గాని నల్లమల చరిత్రకు మూలసూత్రము వంటిది. త్రోవ యన ఇచ్చట నీటినుండి నీటికి పోవు దారి. నీరెచ్చట నున్నదో ఎరిగినవాడే త్రోవను ఎరిగినవాడు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను అను యాత్రామార్గపు మజిలీలలో చెరువు, కొలను అను మాటలుండుట ఊరక జరిగినది కాదు.

విహారము

విహారమను పదమునకు సంస్కృతమున తిరుగుట, క్రీడించుట అని యర్థము. బౌద్ధుల పరిభాషలో అది భిక్షువులు వసించు తావు. నల్లమల ప్రాంతమున ఈ పదము మొదట కనబడునది ఈ రెండవ యర్థముననే. నాగార్జునకొండలో దొరకిన ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనములు విజయపురికి తూర్పు దిక్కున శ్రీపర్వతముపై విహారములు వెలసినట్లు తెల్పుచున్నవి. బోధిసిరి యను ఉపాసిక సింహళ భిక్షువులకై అచ్చట కట్టడములు నిర్మింపజేసెను. క్రీ.శ. 3వ శతాబ్దమునాటికే సముద్రము దాటి వచ్చినవారికి ఈ కొండలలో నివాసము అమరినదన్న మాట. శాసనములందలి శ్రీపర్వతము నాగార్జునకొండ పరిసరములకు చెందినదే యైనను, తరువాతి కాలమున ఆ పేరు శ్రీశైలమునకు స్థిరపడెను. ఈ రెండు తావులును ఒకే కొండల వరుసలోనివి.

ఇదే యడవి భయస్థానముగా కూడ శాసనములకు తెలియును. 5వ శతాబ్దపు తాళగుంద శాసనము కదంబ మయూరశర్మను గూర్చి చెప్పుచు, అతడు పల్లవుల సరిహద్దు కావలివారిని గెలిచి శ్రీపర్వత ద్వారము వరకు వ్యాపించిన దుర్గమారణ్యమును ఆక్రమించెనని వర్ణించినది. భిక్షువునకు ఆశ్రయమైన యడవియే తిరుగుబాటుదారునకును ఆశ్రయమయ్యెను. విష్ణుకుండినులు తాము శ్రీపర్వతస్వామి పాదములను ధ్యానించువారమని శాసనములందు చెప్పుకొనిరి. ఈ మూడింటను అడవికి వచ్చిపోవువారి మాటయే కలదు; అడవిలో నుండువాని పేరు లేదు. శాసనము దానమును, విజయమును పలుకును గాని త్రోవ చూపినవానిని పలుకదు. ఆ లోటును కొంతవరకు తీర్చినది తెలుగు సాహిత్యము.

యాత్ర, జాతర

శ్రీశైలమునకు నాలుగు ద్వారములు ప్రసిద్ధములు: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. వీనిని దేవాలయ ద్వారములుగా గాక అడవి ద్వారములుగా భావించినయెడల వీని యర్థము స్పష్టమగును. నల్లమల చుట్టును నాలుగు దిక్కుల నున్న మైదానములనుండి యాత్రికుడు అడవిలో అడుగుపెట్టు తావులివి. ద్వారము దాటినది మొదలు నడక యంతయు క్షేత్రములోని నడకయే. దేవుడు కొండకొమ్మున నున్నను, యాత్ర మొదటి చెట్టు క్రిందనే ఆరంభమగును.

13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమందలి పర్వత ప్రకరణమున ఈ యాత్రను విపులముగా వర్ణించెను. శివరాత్రికి పర్వతమునకు పోవు జనసమూహములు, వారు పాడుకొను తుమ్మెద పదములు, ఆనంద పదములు, వెన్నెల పదములు, వారు చూచు ఆటలు, నాటకములు, బొమ్మలాటలు అందు పేర్కొనబడినవి. మన దేశి సాహిత్య చరిత్రకారులు ఈ పట్టికను పాటల చరిత్రకు ఆధారముగా గ్రహించిరి. అది సరియే. కాని అదే పట్టిక అడవి చరిత్రకు కూడ ఆధారమే. భక్తియు వినోదమును అప్పుడు వేరు వేరు పనులు కావు. కాలినొప్పి మరచుటకు పాట, రాత్రి మజిలీలో నిద్ర కాచుటకు ఆట, తెల్లవారగానే మరల నడక. నేడు మనము విహారయాత్ర యని రెండు మాటలను అతికి చెప్పునది సోమనాథుని కాలమున యాత్ర యను ఒక్క మాటలోనే యుండెను. యాత్ర శబ్దమునకు జాతర తద్భవము. సంస్కృతరూపము భక్తి వైపునకును, తెలుగురూపము సందడి వైపునకును ఒరిగినను, పుట్టుక రెండింటికి నొక్కటియే.

రాజులు ఈ నడకను సులభము చేయుటను పుణ్యముగా నెంచిరి. రెడ్డి రాజ్యస్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెను. విజయనగరాధీశుడైన రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు దిగు మెట్లను కట్టించెను. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దారంభమున ఈ క్షేత్రమును దర్శించి మండపములు నిర్మింపజేసెను. 1677లో శివాజీ దక్షిణ దండయాత్ర నడుమ ఇచ్చట కొన్ని దినములు గడపెను. ఈ నిర్మాణములన్నియు గమనింపదగిన యొక సమానలక్షణము గలవి: మెట్టు, మండపము, కొలను ఇవన్నియు నడచువానికై కట్టినవి. అడవిని తొలగించి చేసినవి కావు.

ఈ యాత్ర ఎట్లుండెనో వచనమున మనకు తెలిపిన మొదటివారిలో ఏనుగుల వీరాస్వామయ్య యొకడు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ప్రధాన దుబాసిగా నుండిన ఈతడు 1830 మే 18న బయలుదేరి, కాశికి పోవుచు, అహోబలము మీదుగా శ్రీశైలమును దర్శించి, 1831 సెప్టెంబరులో మరల చెన్నపట్టణము చేరెను. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయ్యెను. అడవిమార్గపు మజిలీలు, నీటివసతి, కందనూరి నవాబు యాత్రికులనుండి రాబట్టు పన్ను, చెంచుల జీవనరీతి యనునవి ఆ గ్రంథమున చోటుచేసికొనినవి. సోమనాథుని దృష్టి పర్వతముపై నుండగా, వీరాస్వామయ్య దృష్టి త్రోవపై నున్నది. పరిశోధకునకు రెండును కావలెను.

యాత్రాకాలమున చెంచు స్థానమేమి? అతడు త్రోవకు కావలి. యాత్రికుల సొమ్మునకు, ప్రాణమునకు అతడు పూచీ. దానికి ప్రతిఫలము కలదు. 1886లో ప్రకటితమైన కర్నూలు జిల్లా మాన్యువలునందు నరహరి గోపాలకృష్ణమ సెట్టి చెంచులను గూర్చి వ్రాసెను. కావలి సేవకు వారికి ఇనాములును, రైతులనుండి రుసుమును లభించు ఆచారము ఆనాటి అధికార గ్రంథములకెక్కినది. శ్రీశైల రథమును లాగుటయందును వారికి పాలు గలదు. ఈ కాలమును స్వర్ణయుగముగా చిత్రించుట తప్పు. నవాబు పన్ను పేదయాత్రికునకు భారము. త్రోవలో దోపిడి భయమును, వ్యాధిభయమును ఉండెను. చెంచుకు చెల్లించు రుసుము ప్రేమచే నిచ్చినదనుటకంటె భయముచే నిచ్చినదనుటయే కొన్నిచోట్ల సత్యమునకు దగ్గర. అయినను ఒక్క విషయము నిశ్చయము. అడవిలోనికి వచ్చువాడు అడవివానికి కొంత చెల్లించవలెనన్న న్యాయము అందరి యెరుకలో నుండెను.

పారువేట

ఈ న్యాయమునకు కథారూపము చెంచులక్ష్మి వృత్తాంతము. అహోబల నరసింహుడు చెంచుకన్యను వలచి పెండ్లాడెనని జనశ్రుతి. శ్రీశైలమున మల్లికార్జునుడు చెంచులకు చెంచు మల్లయ్య. వైష్ణవ శైవ క్షేత్రములు రెండింటను దేవుడు అడవివారికి అల్లుడగుట యాదృచ్ఛికము కాదు. దేవాలయము అడవిలో వెలసినప్పుడు, ఆ నెల ముందెవరిదో వారితో కుదుర్చుకొన్న ఒడంబడిక పెండ్లికథగా మారినదని ఊహింపవచ్చును. మన పల్లెలలో వైరములను, భూమి తగవులను వియ్యములతో చక్కబెట్టు పద్ధతి పాతదే గదా.

అహోబలమున కనుమనాడు మొదలగు పారువేట యుత్సవము ఈ బంధుత్వమును ఏటేట నెమరువేయుచున్నది. స్వామి పల్లకిలో కొండ దిగి, సుమారు 40 దినములు ముప్పదికి పైగా గ్రామములలో తిరిగి, తన కల్యాణమునకు జనులను ఆహ్వానించును. వేట యని పేరేగాని ఇందు చంపుట లేదు. స్వామి మైదానమునకు దిగివచ్చి ఊరూర అతిథియగును. ఊరివారు పిదప కొండయెక్కి ఆయనకు అతిథులగుదురు. రాకపోకలు రెండు వైపులను గలవు. శ్రీశైల దేవాలయపు ప్రాకారశిలలపై చెక్కిన వేట దృశ్యములను చూచినవారికి, వేట రాజవినోదముగా కూడ ఈ కొండలకు పరిచితమేయని తెలియును. కాని పారువేట ఆ వినోదమును ఆచారమున బంధించి, దానికొక హద్దును, ఒక బంధుత్వమును కల్పించినది.

రిజర్వు

1839లో ఈస్టిండియా కంపెనీ కందనూరి నవాబును పదవినుండి తొలగించి ఆ ప్రాంతమును స్వాధీనము చేసికొనెను. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడెను. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. అప్పటినుండి నల్లమలలో ఒక క్రొత్త మాట ప్రవేశించెను: రిజర్వు. ప్రత్యేకించుట యని దీని యర్థము. ఎవరి కొరకు ప్రత్యేకించుట యను ప్రశ్నకు సమాధానము ప్రభుత్వము కొరకు.

ఈ చట్టము పనిచేసిన తీరును గ్రహించుట అవసరము. ఒక ప్రాంతమును రిజర్వుగా ప్రకటింపదలచినపుడు ప్రభుత్వము ప్రకటన చేయును. ఆ ప్రాంతమున హక్కు గలవారు గడువులోగా అధికారికి తమ కోరికను తెలుపుకొనవలెను. గడువులోగా కోరని హక్కులు నశించును. కాగితమును చదువగలవానికి ఇది న్యాయమైన ఏర్పాటు. చెంచు హక్కు కాగితముపై లేదు. ఏ చెట్టు తేనె ఏ కుటుంబమువారిది, ఏ లోయ గడ్డలు ఏ గూడెమువారివి యన్న యెరుకలో నున్నది. అట్టి హక్కును గడువులోగా కోరుట యెట్లు? కాబట్టి పెక్కుచోట్ల హక్కు పోయి, అనుగ్రహము మిగిలినది. తేనె తీయుట, గడ్డలు త్రవ్వుట అధికారి అనుమతించు సౌకర్యములైనవి. అనుమతించువాడు మాన్పించుటకును సమర్థుడే.

1880లలోనే గుంటూరు, నంద్యాలల నడుమ ఇనుపదారి నల్లమలను దాటెను. కొయ్యకు విలువ పెరిగెను; వెదురునకు పట్టణములు గిరాకియైనవి. ఆ కాలపు అటవీ శాఖకు అడవి ప్రధానముగా రాబడి వనరు. న్యాయము చెప్పవలెనన్న, హద్దులు లేని నరకుడును ఆ శాఖయే అరికట్టినది; ఆ హద్దులే లేకున్న నేడు మనము చెప్పుకొను నల్లమల ఇంతటిది మిగిలియుండునో లేదో సందేహము. చట్టము అడవిని కాపాడినది. అడవివానిని మాత్రము లెక్కలో చేర్చుకొనలేదు. ఈ రెండు వాక్యములును సత్యములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచిన చరిత్ర అసమగ్రమగును.

షికారు

కృష్ణకు ఉత్తరమున, నిజాము రాజ్యమున, అడవి మరియొక విధముగా ప్రత్యేకింపబడెను. అమ్రాబాదు పీఠభూమిపై మన్ననూరునకు చేరువ ఎత్తైన చోట నిజాము వారి వేట విడిది వెలసెను. దాని పేరు ఫరహాబాదు. ఫరహ్ అనగా ఆనందము; ఆనందనగరమని పేరునకర్థము. ఊరును బట్టిగాని, వాగును బట్టిగాని, దేవుని బట్టిగాని కాక, వచ్చిపోవువాని సంతోషమును బట్టి పెట్టిన పేరిది. వేట విడిది శిథిలములు నేటికిని కలవు.

షికారు అను పారసీకపదమునకు వేట యని యర్థము. ఆ మాట తెలుగున ప్రవేశించి మొదట వేటయే యైనను, క్రమముగా ఊరక తిరిగివచ్చుటకు పేరైనది. సాయంకాలము చెరువుగట్టునకు పోవుటయు నేడు షికారే. చంపుట పోయి తిరుగుట మిగిలినది. భాషలో ఈ మార్పు సుఖముగా జరిగినది గాని అడవిలో అంత సుఖముగా జరుగలేదు. దొరల వేటలో పులి జాడ తీయువాడు, పొదలలో మృగమును తోలువాడు స్థానికుడు. జాడ తెలిసినవాడతడు, తుపాకి మరియొకనిది, గెలుపు తుపాకిది. యాత్రలో త్రోవ చూపి రుసుము పుచ్చుకొన్నవాడు షికారులో ఆజ్ఞకు లోబడిన కూలి యయ్యెను.

1940లో మానవశాస్త్రజ్ఞుడైన ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి పరిశోధన సాగించెను. 1943లో ఆయన గ్రంథము వెలువడెను. చెంచుల చిన్న నివాసములను పెంట లందురని, ఒక్కొక పెంటకు తాను తిరుగాడు అడవి మేర యుండునని ఆ పరిశోధనవలన వెలుపలి లోకమునకు తెలిసినది. ఆయన సూచనమీద నిజాము ప్రభుత్వము చెంచులకై కొంత యడవిని ప్రత్యేకించెను. రిజర్వు అను మాట అడవివాని పక్షమున వాడబడిన తొలి సందర్భములలో ఇదియొకటి. భాషావిషయమున ఒక మాట చెప్పవలెను. శ్రీశైలపు దారిలో ఈగలపెంట, దోమలపెంట యను పేర్లు చదివిన పట్టణవాసి నవ్వుకొనును. పెంట యన అతనికి తెలిసినది చెత్తకుప్ప. ఆ యడవివానికి అది ఇల్లు. ఒక మాటకు గల రెండర్థముల నడుమ ఎంత దూరము గలదో, ఆ ఇద్దరు మనుష్యుల నడుమ అంత దూరము గలదు.

పర్యాటనము

20వ శతాబ్దపు నడిమికాలమున మోటారు బాటలు శ్రీశైలమును చేరినవి. 1963లో శ్రీశైలము ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1981లో నిర్మాణము ముగిసెను. దిగువన నాగార్జునసాగరము 1967 నాటికే పూర్తియై, పూర్వోక్తమైన విజయపురి లోయను ముంచినది. అచ్చటి శిల్పములు కొండకొమ్మునకు, ఇప్పటి ద్వీపమునకు, తరలింపబడినవి. కృష్ణను దాటుట సులభమగుటచే హైదరాబాదునుండి శ్రీశైలమునకు నేరుగా బాట యేర్పడెను. కొన్ని దినముల నడక కొన్ని గంటల ప్రయాణమైనది. వృద్ధులకు, రోగులకు, పిల్లలతో పోవు తల్లులకు ఇది గొప్ప మేలు. దీనిని తక్కువచేసి మాటాడు హక్కు నడవగలవారికి లేదు. కాని ఈ మార్పుతో అడవి యాత్రలో భాగము కాక, యాత్రకు అడ్డుపడు దూరము మాత్రమే యయ్యెను. మజిలీ పోయినది. మజిలీతో పాట పోయినది. త్రోవ చూపువాని అవసరము పోయినది.

అదే కాలమున వేట ముగిసెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము షికారును నేరముగా జేసెను. 1983లో నాగార్జునసాగరము, శ్రీశైలము పులుల సంరక్షణ ప్రాంతము 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో ఏర్పడి, విస్తీర్ణమున దేశములోకెల్ల పెద్దదిగా పేరొందెను. 2014లో రాష్ట్రము విభజింపబడగా కృష్ణకు ఉత్తరభాగము అమ్రాబాదు పులుల సంరక్షణ ప్రాంతముగా తెలంగాణమునకు చెందెను. ఒకప్పుడు మద్రాసు, హైదరాబాదు రాజ్యములకు సరిహద్దైన కృష్ణ మరల సరిహద్దైనది. పులి ఈ హద్దును ఎరుగదు. చెంచు బంధుత్వములును ఎరుగవు.

నేడు నల్లమలకు పోవుటకు పెక్కు విధములు కలవు. ఫరహాబాదునందలి కొండకొమ్మునుండి అడవిని చూపుటకు అటవీశాఖ వాహనములు నడుపుచున్నది. 2021లో అమ్రాబాదున విడిదియు, అడవి సంచారమును కలిపిన యేర్పాటు మొదలై, అందు చెంచు యువకులు మార్గదర్శకులుగా నియమింపబడిరి. దక్షిణమున ఆత్మకూరు చేరువ బైర్లూటిలో స్థానికుల భాగస్వామ్యముతో అడవి విడిది నడచుచున్నది. పాతాళగంగనుండి పడవమీద అక్కమహాదేవి గుహలకు పోవువారు కలరు. మృగముల రక్షణకై రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు అడవిబాటలలో వాహనములు నిలుపుదల చేయబడును. పులుల రక్షణ శిబిరములలో కావలి కాయువారిలో చెంచులు పలువురు గలరు. పాత కావలివానికి మరల కావలిపని దొరకినది. ఇది సంతోషింపదగినదే. అయితే అప్పుడు అతడు తన యడవికి కావలి. ఇప్పుడు జీతమునకు కావలి.

పాత యాత్ర పూర్తిగా నశింపలేదు. శివరాత్రికిని ఉగాదికిని రాయలసీమనుండియు, కర్ణాటకమునుండియు వేలకొలది భక్తులు వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా నేటికిని కాలినడకను పోవుచున్నారు. ఉత్తరమున సలేశ్వరము జాతర చైత్ర పూర్ణిమకు కొన్ని దినములు మాత్రమే జరుగును. లోయలోని జలపాతము చెంత గుహలోని లింగమునకు అచ్చట పూజారులు చెంచులు. ఆ కొన్ని దినములు అడవి ద్వారము తెరచుకొనును. వచ్చినవారు అతిథులు, చెంచు ఆతిథేయి. పిదప అడవి మరల తనదారి తాను చూచుకొనును. జనసమ్మర్దమువలన చెత్తయు, ప్రమాదములును కలుగుట వాస్తవమే. అటవీశాఖ విధించు హద్దులు అకారణములు కావు. కాని నల్లమలలో విహారమునకు ఒక పాత నమూనా సజీవముగా నున్నదని సలేశ్వరము చూపుచున్నది: కాలపరిమితి గలది, కాలినడకది, స్థానికుడు పెద్దగా నుండునది.

ఇంతలో రెండు చట్టములు ఎదురెదురుగా నిలిచినవి. పులుల కీలకస్థానములను మనుష్యసంచారము లేకుండ ఉంచవలెనని వన్యప్రాణి చట్టపు 2006 సవరణ భావము. అదే 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము, అడవిని నమ్ముకొన్న జనులకు జరిగినది చారిత్రకమైన అన్యాయమని పీఠికలోనే ఒప్పుకొని, ఆదిమ సమూహములకు తమ నివాసమండలముపై హక్కును గుర్తించినది. వారి సమ్మతి లేక తరలింపరాదనియు చెప్పినది. పెంటలను అడవి వెలుపలికి తరలించు ప్రతిపాదనలు వచ్చినప్పుడెల్ల ఈ రెండు చట్టముల నడుమ చెంచు నిలువబడియున్నాడు. ఆతనిని పంపివేసి, అదే బాటన దర్శకుల వాహనములను నడిపినచో, దానిని పులికొరకు చేసిన త్యాగమనుట కష్టము.

2019లో అమ్రాబాదు ప్రాంతమున యురేనియము అన్వేషణ ప్రతిపాదన వచ్చినపుడు చెంచులతోపాటు పట్టణవాసులును పెద్దయెత్తున వ్యతిరేకించిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానము చేసెను. ఇందులో గమనింపదగిన సంగతి యొకటి కలదు. అడవిని ఒక్కసారియైన చూచినవాడు, నడచినవాడు, ఆ జలపాతమున తడిసినవాడు దానిని తనదిగా భావించును. విహారము అడవికి స్నేహితులను సంపాదించిపెట్టును. కావున విహారమును నిషేధించుట పరిష్కారము కాదు. విహారికునకు ఆతిథేయి యెవరో తెలియజేయుట పరిష్కారము.

ఉపసంహారము

పైని చర్చవలన తేలినది సంగ్రహముగా చెప్పవచ్చును. నల్లమలకు జనులు ఎల్లకాలము పోవుచునేయుండిరి, కారణములు మారినవి. యాత్రలో చెంచుకు రుసుము కలదు, పారువేటలో బంధుత్వము కలదు, జాతరలో పౌరోహిత్యము కలదు. రిజర్వులో అనుగ్రహము, షికారులో కూలి మాత్రమే మిగిలినవి. పర్యాటనమున ఏది నిలుచునో మన కాలము నిర్ణయింపవలెను. జీతము ఈయవచ్చును, కాని జీతము హక్కునకు ప్రతినిధి కాజాలదు.

తెలుగు శాఖలలోని పరిశోధక విద్యార్థులకు ఇచ్చట చేయదగిన పని చాల కలదు. సోమనాథుని పర్వత ప్రకరణమును, వీరాస్వామయ్య యాత్రాచరిత్రను, నేటి కాలినడక యాత్రికుల పాటలతో పోల్చి చూడవలెను. పెంటల పేర్లు, వాగుల పేర్లు, ఊటల పేర్లు, ప్రతి పేరునకు చెంచు పెద్దలు చెప్పు కథ సేకరింపవలెను. ఇది భాషాశాస్త్రమునకు మాత్రమే ఉపకరించు పనియని తలపరాదు. 1882 చట్టపు విచారణాధికారి యెదుట చెంచు చూపలేకపోయిన కాగితము ఆ పేర్లే. వానిని వ్రాసిపెట్టినచో, ఏ చెట్టు ఎవరిదో, ఏ నీరు ఎవరు చూపినదో మరొకమారు ఎవరైన అడిగిన దినమున, సమాధానము తెలుగు లిపిలో సిద్ధముగా నుండును.